ఒక గంట కొడితే ఆపాలి

బియ్యం కడిగే గిన్నెలో కిరసనాయిలు పోసి, అందులో కార్బొరేటర్ ముక్కలు నానబెట్టిన మనిషితో కాపురం చేసినదాన్ని నేను. అది చూసిన రోజు నేను అరిచిన అరుపులకు పక్క క్వార్టర్లవాళ్లు గోడ మీదినుంచి తొంగి చూశారు. మా ఆయన మాత్రం తల ఎత్తలేదు. పాత బ్రష్షుతో ఒక ఇత్తడి ముక్కను తోముతూ కూర్చున్నాడు. పెళ్లాం గొంతు చించుకుంటుంటే ఉలుకూ పలుకూ లేదే, ఎంత మొండి ఘటం అని నాకు ఇంకా ఒళ్లు మండింది. గిన్నె లాక్కుని కిరసనాయిలంతా మట్టిలో పారబోశాను. అప్పుడు గానీ నా వైపు చూడలేదు.

డెబ్బైల మొదటి రోజులు. గోదావరిఖనిలో కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ఉండేవాళ్లం. నేను చిన్నపిల్లల బళ్లో టీచర్ని. మా ఆయన బాయి మీద ఇంజన్ డ్రైవర్. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటాం. మాది నిలువు బాయి కాదు, ఏటవాలుగా లోపలికి దిగేది. పట్టాల మీద బొగ్గు నిండిన టబ్బుల్ని ఇనుప తాడుతో పైకి లాగాలి, ఖాళీవాటిని కిందికి దించాలి. ఆ తాడు చుట్టే ఇంజన్ మా ఆయన చేతిలో ఉండేది. ఇంజన్ గదిలో కూర్చున్నవాడికి లోపల ఏం జరుగుతోందో ఏమీ కనబడదు. కిందినుంచి పైదాకా ఒక తీగ ఉంటుంది. కిందివాడు తీగ లాగితే పైన గంట మోగుతుంది. ఒక గంట కొడితే ఆపాలి. రెండు కొడితే దించాలి. మూడు కొడితే లాగాలి. మా కాలనీలో పిల్లలు ఏబీసీడీల కంటే ముందు ఈ లెక్క నేర్చేవాళ్లు, రైలాట ఆడుతూ.

కింద ఆ తీగ లాగేది మా తమ్ముడు. టబ్బులకు తాడు కొక్కెం తగిలించడం, విప్పడం వాడి పని. మా ఆయనా వాడూ ఒకే బాయి, ఒకే షిఫ్టు. వాడి భార్య తొలి కాన్పుకని రామకృష్ణాపూర్‌లో పుట్టింటికి వెళ్లింది కాబట్టి డ్యూటీ దిగి మా ఇంటికే అన్నానికి వచ్చేవాడు. బావ ఇంజన్ మీద ఉంటే నాకు ఫికర్ లేదక్కా, కండ్లు మూసుకుని పని చేస్త అనేవాడు. ఆ మాట వింటే నాకూ ధైర్యంగా ఉండేది. బావమరిది ప్రాణం బావ చేతిలోనే ఉంది కదా, ఇంకెవరి చేతిలోనో లేదు కదా అనుకునేదాన్ని.

ఇక కారు సంగతి. బదిలీ మీద పోతూ ఒక ఆఫీసరు వదిలేసిన పాత మోరిస్ అది. బంగళా వెనక వేపచెట్టు కింద ఏళ్లపాటు పడి ఉంది. దాని వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. ఇస్తానంటే ఎవరూ తీసుకోని ఆ తుక్కును మా ఆయన ఎంతో అపురూపంగా తెచ్చుకున్నాడు. తేవడమంటే నడుపుకుని రాలేదు. షిఫ్టు దిగిన పదిమంది తోసుకుంటూ మా వాకిట్లోకి తెచ్చారు. టబ్బులు తోసే చేతులకు అదో లెక్కా! నేను గడపలో నిలబడి, "ఈ పీనుగను ఏడ పెడ్తవయ్యా?" అని అడిగాను. ఇంటి పక్కన రేకులు వేసి, చుట్టూ తడకలు కట్టి, కింద బాయిలో అరిగిపోయిన బెల్టు ముక్కలు పరిచి షెడ్డు తయారు చేశాడు. అందులో దాన్ని మహారాణిలా నిలబెట్టాడు.

నేను ఎంత సణిగినా ఆ షెడ్డులో పని నాకూ అంటుకుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, మంచి చీర విప్పి పాతది చుట్టుకుని వెళ్లేదాన్ని. బ్రేకుల్లో గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర చిన్న నట్టు విప్పి, గాలి బుడగలు పోయేదాకా చూసి బిగించాలి. నేను సీట్లో, ఆయన కింద. మాటలు వద్దు, గంటలే అన్నాడు. స్పానరుతో ఇనుము మీద రెండుసార్లు కొడితే నేను కాలు దించాలి, మూడు కొడితే ఎత్తాలి, ఒకటి కొడితే ఎక్కడున్న కాలు అక్కడే ఆపాలి. నేను తప్పు తొక్కితే కిందినుంచి కేక.

"టీచరమ్మా! రెండు కొడ్తి గదనే! నీకు లెక్కలు ఎవలు నేర్పిండ్రు?"

"నీలాంటి పంతులే నేర్పిండు. మంచిగ కొట్టు!"

నవ్వుకునేవాళ్లం. మాటలు వద్దు, గంటలే అని ఆయన ఎందుకన్నాడో నేను ఆలోచించలేదు.

నెలల తరబడి అలా నడిచింది. సామాను బసంత్‌నగర్ లారీలవాళ్ల దగ్గర కొంత దొరికేది, దొరకనిది ఆయనే అరగదీసి చేసేవాడు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంజన్ అందుకుంది. షెడ్డంతా నల్లటి పొగ. నేను దగ్గుతూ చప్పట్లు కొట్టాను. ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. వెనక్కి నడిపి వాకిట్లోకి తీస్తా, నువ్వు వెనకాల నిలబడి చూడు, గోడ దగ్గరికొస్తే డిక్కీ మీద ఒక గంట కొట్టు అన్నాడు.

నా వెనక సిమెంటు నీళ్లతొట్టి ఉంది. కారు మెల్లగా వెనక్కి వచ్చింది. చాలనుకుని అరచేత్తో డిక్కీ మీద గట్టిగా ఒకటి కొట్టాను. ఆగలేదు. మళ్లీ కొట్టాను. ఆగలేదు. ఎట్లా పక్కకు దూకానో నాకే తెలియదు. కారు వచ్చి తొట్టిని గుద్దింది. తొట్టి పగిలి నీళ్లు వాకిలంతా పారాయి. నా మోచెయ్యి గీసుకుపోయింది. ఆయన దిగి పరుగెత్తుకొచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గంట కొట్టద్దానే?"

"కొట్టిన!"

"ఎన్ని కొట్టినవ్?"

లెక్కపెట్టుకున్నాను. మొదట ఒకటి, ఆగకపోయేసరికి ఇంకొకటి. మొత్తం రెండు.

"రెండు కొట్టినవ్. రెండంటే దించుడే గద" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా, పారుతున్న నీళ్లను చూస్తూ. నేను నమ్మాను. తప్పు నా చేతిదే అనుకున్నాను. ఆ సాయంత్రం రొట్టెలు చేస్తూ నా చెయ్యిని నేనే తిట్టుకున్నాను.

కానీ మనసులో ఏదో మిగిలిపోయింది. రెండింటి మధ్య నేను ఊపిరి పీల్చుకున్నాను, నాకు గుర్తుంది. గంటలు ఎప్పుడూ వెంటవెంటనే కొడతారు, అంత ఎడం ఇవ్వరు. అది రెండు కాదు. ఒకటి, మళ్లీ ఒకటి. ఆ తేడా ఆ బాయిలో ఎవరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆయన.

అప్పటినుంచి నా కళ్లు ఆయన్నే కనిపెట్టుకుని ఉన్నాయి. ఇంజన్ టకటకమంటుంటే సుత్తి కర్ర ఒక కొస ఇంజన్ మీద, ఇంకో కొస చెవి వెనక ఎముక మీద పెట్టి వినేవాడు. మెకానిక్కులందరూ అట్లాగే చేస్తారనుకున్నాను. కానీ కర్ర తీశాక నన్ను అడిగేవాడు, "సప్పుడు ఆగిందా?" అని. ప్రతిసారీ నన్నే అడిగేవాడు. ఇంకొకటి కూడా ఉంది. ఈ మధ్య మాట్లాడేటప్పుడు నా మొహంలోకే చూస్తూ ఉండిపోతున్నాడని నేను లోలోపల మురిసిపోయాను. పెళ్లయి ఇన్నేళ్లకు మా ఆయనకు నా మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందా అని! ఆయన చూసేది నా పెదవులను.

ఒక సాయంత్రం ఆయన కారు ముందు సీట్లో కూర్చుని సీటు గుడ్డ కుడుతున్నాడు. నేను చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లి, రాయి తీసుకుని డిక్కీ మీద ఒకటి కొట్టాను. సూది ఆగలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. పక్కింటి కుక్క లేచి మొరిగింది. సూది గుడ్డలో దిగుతోంది, లేస్తోంది, దిగుతోంది. నా చేతిలో రాయి జారిపోయింది. ప్రభువా, ఈ మనిషి చేతికింద నా తమ్ముడు రోజూ బాయిలోకి దిగుతున్నాడు అనుకున్నాను.

టబ్బు పట్టాలు తప్పితే, తాడు తెగబోతే, మనిషి నడుమ ఇరుక్కుంటే, ఆ ఒక్క గంటే దిక్కు. అది వినబడకపోతే ఇంజన్ లాగుతూనే ఉంటుంది. మర్నాడు బళ్లో పిల్లలకు ఎక్కాలు చెబుతూ చెబుతూ ఆగిపోయాను. రోడ్డు మీద దవాఖాన బండి పోతే కిటికీ దగ్గరికి ఉరికాను. ఇంటర్వెల్‌కు బడి గంట కొడితే ఉలిక్కిపడ్డాను. సాయంత్రం తమ్ముడు సైకిలు దిగి, బొగ్గు మొహంతో పళ్లికిలించేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

మా ఆయన స్నానానికి వెళ్లిన సందు చూసి వాడిని వంటింట్లోకి లాక్కెళ్లాను. "బావకు చెవులు వినబడ్తలేవురా" అన్నాను.

వాడు నా వైపు చూసి, నెత్తి గోక్కుని, "మాకెర్కనే అక్కా" అన్నాడు.

"ఎర్కనా?"

"షిఫ్టోళ్లందరికి ఎర్కనే. బావ గంట వినడు, చూస్తడు. గోడకున్న గంటకు నాలుక ఉంటది గద, అది ఊగుడు చూసి ఆపుతడు. మేం గూడ ఆపేదాక కొడ్తనే ఉంటం. టబ్బులు నడుస్తుండంగ గంట ఊగితే ఒకటా రెండా అని లెక్క లేదు, ఊగిందంటే ఆపుడే. మాకు బావకు గదే మాట."

నా చెయ్యి లేచింది. అంత మీసాలున్న వాడిని చిన్నప్పుడు కొట్టినట్టే భుజం మీద ఛెళ్లున ఒక్కటిచ్చాను. "ఆయనకు తుమ్ము రాదా? దగ్గు రాదా? కరెంటు పోతే ఆ నాలుక కనబడ్తదా? నీ పెండ్లాం కడుపుతోని ఉందిరా, సిగ్గు లేదా నీకు?"

"బావను అన్‌ఫిట్ చేసి పంపిస్తరు అక్కా. క్వార్టర్ పోతది. మీరేడుంటరు? మాకందరికి పని నేర్పిన మనిషి. నేను పోయి ఆయన మీద చెప్పాల్నా? నువ్వు సుత నోరిప్పకు. నా మీద ఒట్టు" అని చెయ్యి పట్టుకున్నాడు. నేను చెయ్యి లాగేసుకున్నాను. ఒట్టు వెయ్యలేదు.

ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. మంచితనంతో ఒకరినొకరు చంపుకునేలా ఉన్నారే వీళ్లు అనిపించింది. మేనేజరుకు చెబితే మొగుడి నోటికాడి కూడు తీసినదాన్నవుతాను. చెప్పకపోతే ఏ రోజు తమ్ముడి శవం చూడాల్సి వస్తుందో. ఆ వారమంతా అన్నం నోట్లో పెట్టుకుంటే మింగుడు పడలేదు. చివరికి మా ఆయనతోనే తేల్చుకుందామనుకున్నాను. ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి, మెల్లగా చెప్పాను. నాకు తెలిసిపోయిందని చెప్పాను.

"నాకు కండ్లున్నయ్. ఇన్నాళ్లల్ల ఒక్కసారన్న తప్పిందా? అడుగు నీ తమ్ముణ్ని!" అని లేచాడు. తర్వాత నేను అన్నవన్నీ ఆయన చూడలేదు. వీపు తిప్పితే చాలు, నా నోరు మూసినట్టే. అంతకుముందు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదాన్ని, ఇప్పుడు ఆ దారి కూడా లేకపోయింది.

ఆదివారం వచ్చింది. ప్రార్థనలో అయ్యగారు ఏం చెప్పారో ఒక్క ముక్క నా తలకెక్కలేదు. ఇంటికొచ్చి పాత చీర కూడా కట్టుకోలేదు. నేరుగా షెడ్డులోకి వెళ్లి కారెక్కి కూర్చున్నాను. వాకిట్లో ముందుకూ వెనక్కూ నడపడం ఆయనే నేర్పించాడు, సరదాకు. దూది ఉండలు చేసి రెండు చెవుల్లో కుక్కుకున్నాను. ఆయన చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏందే ఇది?"

"పో, పోయి వెనకాల నిలబడు. తొట్టి కాడ. గంట కొట్టకు, నాకు వినబడది. నేను అద్దంల నీ చెయ్యి చూస్త. చెయ్యి లేస్తే ఆపుత. నాకు సుత కండ్లున్నయ్."

నవ్వాడు. పిచ్చి లేసిందా అన్నట్టు తల ఊపాడు గానీ వెళ్లి నిలబడ్డాడు. పగిలిన తొట్టికి వీపు ఆనించి, చేతులు కట్టుకుని. నేను ఇంజన్ వేశాను. దూదిలోంచి నాకు ఎక్కడో దూరంగా గుర్రుమని మాత్రమే వినబడింది. ఇదేనా ఈయన బతుకుతున్న చోటు అనిపించింది. గేరు వేసి వదిలాను. కారు వెనక్కి కదిలింది. నేను అద్దంలోనే చూస్తున్నాను. ఒట్టు, కన్ను ఆర్పలేదు. కాలు బ్రేకు మీదే ఉంది. ఆయన నవ్వు కనిపిస్తోంది. తర్వాత కనిపించలేదు. చేతులు విడివడ్డాయి. కారుకూ ఆయనకూ మధ్య ఇంకా ఒక మంచం పట్టేంత జాగా ఉంది. చెయ్యి ఎత్తనే లేదు, చటుక్కున పక్కకు దూకాడు.

నేను బ్రేకు తొక్కాను. ఆయనే గాలి తీసిన బ్రేకు, ఉన్నచోటే ఆగింది. దిగి, చెవుల్లో దూది పీకేసి ఆయన ముందు నిలబడ్డాను.

"నేను నీ దిక్కే చూస్తున్న గదా. ఎందుకు దుంకినవ్?"

ఆయన కారుకూ తొట్టికీ మధ్య మిగిలిన జాగా చూసి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"నువ్వు నిలబడలేకపోయినవ్. నా తమ్ముడు రోజు నిలబడ్తుండు."

ఆ మాట నా పెదవుల మీద చదువుకున్నాడు. రెండోసారి చెప్పమని అడగలేదు. తొట్టి పగిలిన అంచు మీద కూర్చుని, మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో ఆయనకు తెలియడం లేదు. పక్క క్వార్టర్లవాళ్లు మళ్లీ గోడ మీదినుంచి చూశారు. నాకు గెలిచినట్టు లేదు. ఆయన తల నా కడుపుకు ఆనించుకుని నేనూ ఏడ్చాను.

మర్నాడు ఆయనే వెళ్లి చెప్పాడు. డాక్టరు పరీక్ష చేశాడు. ఇంజన్ మీదినుంచి తీసి దీపాల గదిలో వేశారు, బాయిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే పని. క్వార్టర్ సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత ఎప్పుడో, ఏమంటారో అని నాకు కొత్త బెంగ పట్టుకుంది. ఆయన తిండి తగ్గింది. కారు వైపు చూడటం మానేశాడు. తమ్ముడు మా గడప తొక్కలేదు. దారిలో కనబడితే సైకిలు వేరే సందులోకి తిప్పేవాడు. అక్కే బావ బతుకు ఆగం చేసిందని వాడి షిఫ్టువాళ్లతో అన్నాడట. అననీ. బతికుండి తిట్టనీ. ఇక వాడికి ఏమీ కాదు కదా అని నేను గుండె రాయి చేసుకున్నాను. పైన చెవులున్న మనిషి కూర్చున్నాడు కదా అనుకున్నాను.

ఒక సాయంత్రం వాడే వచ్చాడు. సైకిలు గోడకు ఆనించకుండా కింద పడేశాడు. ప్యాంటు తొడ దగ్గర చిరిగి ఉంది, చిరుగు కింద చర్మం గీసుకుపోయి నల్లగా కమిలింది. మా ఆయన అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. వాడు ఆయన పక్కనే చతికిలబడ్డాడు. నేను కంచం పెట్టాను. ముట్టుకోలేదు.

"ఏమైందిరా?"

"కొత్తాయనవి పాము చెవులు అక్కా. ఒక టబ్బు పట్టా తప్పింది. ఆపుమని గంట కొట్టిన. ఒక్క గంటకే ఆపిండు. నేను కొక్కెం విప్పుదామని నడుమకు పోయిన." చెంబెత్తి నీళ్లు తాగాడు. "ఒక్క గంటకే ఆగుడు మాకేడ అలవాటున్నది? ఒక చెయ్యి కొక్కెం మీదున్నది. ఇంకో చెయ్యి దానంతటదే తీగ మీదికి పోయింది, బావకు కొట్టినట్టు. మల్ల వెంటవెంట రెండుసార్లు కొట్టిన. ఆయనకు రెండు వినబడ్డయి."

రెండు కొడితే దించాలి.

"టబ్బులు నా మీదికి దిగినయక్కా. గోడకు అతుక్కపోయిన. తొడకు రాసుకుంట పోయినయ్."

నేనింకా వాడి తొడ వైపే చూస్తున్నాను. ఆయన్ను ఇంజన్ మీదినుంచి దించితే చాలు, తమ్ముడు దక్కుతాడనుకున్నాను. ఇన్నాళ్లూ మళ్లీ మళ్లీ కొట్టి ఆయన్ను కాపాడిన తమ్ముడి చెయ్యే వాడిని చంపబోయింది. ఆ చెయ్యి గురించి నాకు తోచనే లేదు.

"గిట్ల కొట్టిన" అని వాడు నాకు చూపిస్తూ, వేలి కణుపులతో కంచం అంచు మీద ఒకసారి కొట్టాడు. రెండోదానికి చెయ్యి లేచింది.

మా ఆయన అప్పటిదాకా ఒక్క మాట వినలేదు. వాడు పక్కనే ఉన్నందువల్ల వాడి పెదవులూ కనబడలేదు. చూసింది చిరిగిన ప్యాంటును, కంచం మీద పడిన చేతినీ. రెండో దెబ్బ పడేలోగా అన్నం అంటిన చేత్తోనే వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక్కటే" అన్నాడు, ఇల్లంతా అదిరేలా. "ఇగ ఒక్కటే కొట్టాలె బిడ్డా. ఆయనకు వినబడ్తది."

తమ్ముడు తల ఊపాడు. చెయ్యి విడిపించుకోబోయాడు. మా ఆయన వదల్లేదు. వాడి వేళ్లను ఒక్కొక్కటే ముడిచి, పిడికిలి చేసి, తన గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను అన్నం మళ్లీ వేడి చేసి తెచ్చేసరికి కూడా అట్లాగే ఉన్నారు.